లౌహిత్యగాయకుఁడు భూపేన్ హజారికా: దేశిగేయకర్తృత్వ విచారము

జానపదగేయమునకుఁ గర్త లేఁడని పలువురు విద్వాంసుల మతము. పేరు తెలిసిన కవి వ్రాసినచో నది కావ్యమనియు, ఎవ్వరు వ్రాసిరో తెలియనిచో నది జానపదమనియు స్థూలమైన విభాగ మొకటి పాఠశాలలలోఁ గూడ బోధింపఁబడుచున్నది. ఈ లక్షణము నంగీకరించినచో, విద్యావంతుఁడును, పట్టణవాసియు, యంత్రముఖమునఁ దన గొంతును లోకమున వ్యాపింపఁజేసినవాఁడు నగు గాయకునకు జానపదవాఙ్మయచరిత్రమునఁ జోటు దొరకదు. అట్టివాని పాట పొలములలో నూడ్పులనాఁడు వినవచ్చినను, సంకలనకర్తలు దానిని "రికార్డుపాట" యని ప్రక్కకుఁ ద్రోయుచున్నారు. ఈ త్రోసివేఁత యుక్తమా, కాదా యనునది విచార్యము.

లక్షణము లక్ష్యము ననుసరింపవలయునే కాని లక్ష్యము లక్షణము ననుసరింపఁబోదు. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు శబ్దములు కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని మహాభాష్యకారుఁడు చెప్పిన మాట శాబ్దికు లెల్లరు నెఱిఁగినదే. శబ్దమునకు లోకవ్యవహారము ప్రమాణ మైనట్లే పాటకును లోకము ప్రమాణము. కావున నొక్క లక్ష్యమును సమగ్రముగాఁ బరిశీలించి పై లక్షణమును బరీక్షించుట మేలు. ఇందులకు అస్సాము దేశపు గాయకుఁడు భూపేన్ హజారికా (1926-2011) తగిన యుదాహరణము. ఈతఁడు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును బొందినవాఁడు. అధ్యాపకుఁడు, చలనచిత్రదర్శకుఁడు, శాసనసభ్యుఁడు. అయినను నీతని పాటలు విద్వత్సభలలోఁ గంటెఁ బడవలమీఁదను, సంతలలోను, కార్మికుల సమావేశములలోను నెక్కువగా నిలిచినవి.

జన్మదేశము

బ్రహ్మపుత్రనదము పాఱు లోయ యస్సాము. ప్రాచీనులు ఆ దేశమును బ్రాగ్జ్యోతిషమనియుఁ గామరూపమనియు వ్యవహరించిరి. నదమునకు లౌహిత్యమని నామాంతరము కలదు. రఘువు లౌహిత్యమును దాఁటఁగనే ప్రాగ్జ్యోతిషాధీశ్వరుఁడు కంపించెనని రఘువంశము నాల్గవ సర్గమునఁ గాళిదాసు వర్ణించెను. ఆ లౌహిత్యశబ్దమే యసమీయభాషలో "లుయిత్" అయినది. జనులు దానిని వృద్ధునిగా భావించి "బూఢా లుయిత్" అని సంబోధించుటయుఁ గలదు. ఈ సంబోధనము ముందు రాఁబోవు విచారమున మిక్కిలి ప్రధానమైనది.

హజారికా 1926 సెప్టెంబరు 8వ తేదీని ఆ లోయ తూర్పుకొనయందలి సదియాలోఁ బుట్టెను. తండ్రి నీలకాంత హజారికా, తల్లి శాంతిప్రియ. పదుగురు సంతానములో నీతఁడు జ్యేష్ఠుఁడు. హజారికా యనునది ఆహోమురాజుల కాలమున వేయిమంది పైకులపై నధికారి యగువానికిఁ జెల్లిన పదవీనామము; పిదప నింటిపే రైనది. కుటుంబము సదియానుండి గౌహతికిని, అచ్చటినుండి ధుబ్రీకిని, 1935లోఁ దేజపురమునకును మాఱెను. సదియా లోయకుఁ దూర్పున నున్నది. ధుబ్రీ పడమట నున్నది. పదియేండ్లు నిండకమున్నే యీ బాలుఁడు నదము పొడవునఁ గల ప్రాంతములలోఁ బెరిఁగి, పలువిధములైన యుచ్చారణములను, పలువిధములైన పాటలను వినెను. ఈతని గానమునఁ గనఁబడు వైవిధ్యమున కిది మొదటి కారణము.

అస్సాము గేయసంపద

ఆ దేశపు గేయసంపదను గొంత తెలిసికొన్నఁ గాని హజారికా దేనిని గ్రహించెనో తెలియదు. వైశాఖారంభమున, అనఁగా ఏప్రిలు నడుమ వచ్చు బొహాగ్ బిహు వారికి సంవత్సరాది. ఆ దినములలో యువజనులు డోలును, మహిషశృంగముతోఁ జేసిన పెంపా యను నూఁదుకొమ్మును, వెదురుతోఁ జేసిన టకా యను తాళమును వాయించుచుఁ బాడుదురు. గుంపుగా నింటింటికిఁ బోయి ముంగిట నిలిచి గృహస్థునకు శుభము గోరు పాటలకు హుసరి యని పేరు. ప్రేమవిషయకములైన చిన్నపాటలు బనగీతములు. పడమటి గోవాలపాడాప్రాంతమున దోతారాతోఁ బాడు మావటీల పాటలును, ఎనుములకాపరుల పాటలును వేఱొక సంప్రదాయము. శంకరదేవుఁడు (1449-1568), ఆతని శిష్యుఁడు మాధవదేవుఁడు రచించిన బర్‌గీతములు రాగబద్ధములై, వ్రజావళి యను మిశ్రభాషలో, వైష్ణవసత్రములందుఁ బాడఁబడునవి. ఇవి మార్గమునకు సమీపములు, తక్కినవి దేశి.

ఇవి గాక తేయాకుతోఁటల ఝుమురుపాటలు గలవు. పందొమ్మిదవ శతాబ్దిలోఁ దోఁటలు వెలసినపుడు వానిలోఁ బనిచేయుటకు ఛోటానాగపురమునుండియు, ఒడిస్సానుండియు, మధ్యభారతమునుండియు, నాఁటి మద్రాసురాజధానిలోని గంజాము, విశాఖపట్టణ మండలములనుండియుఁ గూలీలను దీసికొనిపోయిరి. అందుఁ దెలుఁగు మాటాడువారును గలరు. పరస్పరము భాష తెలియని యీ జనులు మాదల్ వాద్యపు దెబ్బకుఁ గలిసి యడుగువేసి యాడుచుఁ బాడిన పాటలు అస్సాము గేయసంపదలోఁ జేరిపోయినవి. హజారికా తరువాతఁ దేయాకుతోఁటల పాటలకు సంగీతము గూర్చినపుడు వాని మూలము లిట్లు మన తూర్పుకనుమలదాఁకఁ బ్రాఁకుచున్నవి.

గురువులు, విద్య

తేజపురమున నీతనికి లభించిన గొప్ప భాగ్యము జ్యోతిప్రసాద్ అగర్వాలా (1903-1951), విష్ణుప్రసాద్ రాభా (1909-1969) యను నిరువురి సన్నిధి. జ్యోతిప్రసాద్ పూర్వులు రాజస్థానమునుండి వచ్చి యస్సామునఁ గుదురుకొన్నవారు. ఆతఁడే 1935లోఁ దొలి యసమీయ చలనచిత్రమగు "జయమతి"ని నిర్మించెను. ఒక సభలో బాలుఁడు పాడిన బర్‌గీతమును విని వా రిరువురు నాతని చేరఁదీసిరి. 1936లోఁ గలకత్తాకుఁ దీసికొనిపోయి ధ్వనిముద్రణము చేయించిరి. 1939లో జ్యోతిప్రసాద్ తీసిన "ఇంద్రమాలతి" చిత్రమున హజారికా పాడెను. దేశీయమైన బాణీని విడువకుండ నూతనయంత్రముల నుపయోగించుట యెట్లో యీ గురువులవలన నాతఁడు బాల్యముననే గ్రహించెను. పల్లెపాట వేఱు, యంత్రగానము వేఱు అను భేదబుద్ధి యాతని కెన్నఁడును గలుగకపోవుట కిదియే హేతువు.

తేజపురమునఁ బ్రవేశపరీక్షయు (1940), గౌహతి కాటన్ కళాశాలలో నింటర్మీడియేటును (1942) ముగించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1944లో బి.ఏ., 1946లో రాజనీతిశాస్త్రమున ఎం.ఏ. పట్టములను బొందెను. కొంతకాలము గౌహతి యాకాశవాణిలోఁ బనిచేసి, 1949లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకుఁ బోయెను. వయోజనవిద్యయందు దృశ్యశ్రవ్యసాధనముల నెట్లు వినియోగింపవచ్చు నను విషయముపై సిద్ధాంతవ్యాసము వ్రాసి 1952లో డాక్టరయ్యెను. ఈ విషయమును గమనింపవలయును: అక్షరములు రానివారికి జ్ఞానము నందించు త్రోవను వెదకుటయే యాతని పరిశోధనము, పాట యా త్రోవలలో నొకటి.

రోబ్సన్ సాంగత్యము

న్యూయార్కున హజారికాకు నీగ్రోజాతి గాయకుఁడు పాల్ రోబ్సన్ (1898-1976) పరిచితుఁడయ్యెను. రోబ్సన్ తండ్రి దాస్యమునుండి పాఱిపోయి స్వేచ్ఛ నందినవాఁడు. రోబ్సన్ కొలంబియాలోనే న్యాయశాస్త్రము చదివి, వర్ణద్వేషమువలన నా వృత్తి సాఁగక రంగస్థలమునకును గానమునకును దిరిగెను. దాసులు పొలములలోను దేవాలయములలోను బాడుకొన్న భక్తిగీతములను 1925లో న్యూయార్కు సంగీతసభలోఁ బాడి వానికి గౌరవము గలిగించినవారిలో నీతఁడు ముఖ్యుఁడు. రాజకీయాభిప్రాయముల కారణముగా నమెరికా ప్రభుత్వము 1950లో నాతని విదేశప్రయాణపత్రమును రద్దుచేసి 1958 వఱకుఁ దిరిగి యీయలేదు. హజారికా యచ్చట నున్న కాలమున రోబ్సన్ జీవిత మిట్లు కష్టములలో నుండెను. వాద్యము వినోదమునకు మాత్రమే కాదు, సమాజమును మార్చుటకును సాధనమని యాతనివలన నేర్చికొంటినని హజారికా తరువాత చెప్పుచుండెను.

నదీగేయము: పాఠభేదములు

రోబ్సన్ పాడి ప్రసిద్ధికెక్కించిన నదీగీత మొకటి కలదు. దానిని విని హజారికా లుయిత్‌నుద్దేశించి యసమీయమున నొక పాట రచించెను. ఈతఁ డన్యదేశగీతము ననుకరించెనని కొందఱు, అది యెట్లు జానపద మగునని మఱికొందఱు ఆక్షేపింతురు. ఈ గేయము యొక్క పరంపరను బాఠపరిష్కర్తలు గ్రంథపాఠములను బరిశీలించునట్లు పరిశీలించినచో నాక్షేపమునకు సమాధానము తేటపడును.

మొదటి పాఠము 1927లో న్యూయార్కునఁ బ్రదర్శింపఁబడిన "షో బోట్" అను సంగీతనాటకము లోనిది. జెరోమ్ కెర్న్ స్వరకర్త. ఆస్కార్ హామర్‌స్టీన్ పదకర్త. ఇరువురును నగరవాసులైన శ్వేతజాతీయులు. నల్లకూలీల గీతముల ఫణితి ననుకరించి వారు దీనిని గట్టిరి. మిసిసిపీ నదిని వృద్ధపురుషునిగా సంబోధించి, మనుష్యుఁడు శ్రమచే నలసిపోవుచుండఁగా నది యేమియుఁ బట్టనట్లు సాఁగిపోవుచున్నదని యందలి భావము. అనఁగా మూలమే జానపదచ్ఛాయగాని జానపదము గాదు.

రెండవ పాఠము రోబ్సన్‌ది. 1928లో లండనులో నాతఁడీ పాత్రను ధరించెను. పిదపఁ దన సభలలోఁ బాడునపుడు, జీవితముపై విసుగును మృత్యుభయమును దెల్పు చరణమును మార్చి, తుదివఱకుఁ బోరాడుట యను భావమును నిలిపెను. ఎవ్వరి పాటగా నీ గీతము వ్రాయఁబడినదో వారిలో నొకఁడు దానిని దిద్దికొని తమదిగాఁ జేసికొనెను. నగరమునఁ బుట్టిన పాట యిట్లు జనమునకు దక్కినది.

మూఁడవ పాఠము హజారికా యసమీయగేయము. ఇందలి మార్పు సూక్ష్మమైనది. అమెరికా గీతమున నది యుదాసీనుఁడు. గాయకుఁ డాతని యౌదాసీన్యమును వర్ణించును. అసమీయమున గాయకుఁడు నదమును నిలువఁదీసి ప్రశ్నించును: ఇరుదరుల జనుల యార్తనాదము విని యేల యూరకున్నావు, నీతి యడుగంటుచుండ నేల కదలవు, అని. వర్ణనము ఉపాలంభమైనది. మనకు ఉపాలంభము కొత్త గాదు. దైవమును నిందించి మేల్కొల్పు నిందాస్తుతి రీతి భక్తులకుఁ బరిచితమైనదే. హజారికా యా రీతిని నదమున కన్వయించెను. మఱియు వృద్ధత్వారోపము కొఱకు నాతఁడు వెదకనక్కఱ లేకపోయెను. లుయిత్ ముందే జనుల నోట వృద్ధుఁడు. విదేశగీతము స్వదేశశబ్దమున నిట్లు సహజముగా నొదిఁగిపోయినది.

నాల్గవ పాఠములు వంగభాషలోను హిందీలోను గలవు. వంగపాఠమును శివదాస్ బంద్యోపాధ్యాయుఁడును, హిందీపాఠమును బండిత నరేంద్రశర్మయు రచించిరి. ఈ రెంటిలోను సంబోధ్యము గంగ. ఇచ్చట వైయాకరణులు గమనింపఁదగిన విశేష మొకటి కలదు. బ్రహ్మపుత్రము, లౌహిత్యము పుంలింగములు. సంప్రదాయమునఁ బురుషుఁడగు నదము. గంగ స్త్రీలింగము, లోకమునకుఁ దల్లి. లింగము మాఱఁగనే రసము మాఱినది. కుటుంబపెద్ద యగు వృద్ధుని "ఏల యూరకున్నావు" అని యడుగుటలోఁ బౌరుషమును రెచ్చఁగొట్టు ఛాయ కలదు. తల్లిని "ఏల పాఱుచున్నావు" అని యడుగుటలో, బిడ్డల యేడ్పు విని స్తన్యమీయని తల్లిపై గలుగు దుఃఖము కలదు. స్వర మొకటే, ప్రశ్న యొకటే. లింగవ్యత్యయముచే నర్థము వేఱైనది. కర్త జీవించియుండఁగనే, ఆతని కంఠముననే, ఒక గేయ మిట్లు పాఠభేదములను బొందుట జానపదధర్మము గాక మఱేమి?

పల్లకిపాట

పల్లకి మోయువారి పాట మఱియొక యుదాహరణము. హైదరాబాదున జన్మించిన సరోజినీదేవి 1905లోఁ బ్రకటించిన తన యాంగ్లకవితాసంపుటమునఁ బల్లకిబోయీలపై మనోహరమైన గీతమొకటి వ్రాసెను. అందు బోయీలకు బరువు తెలియదు. పల్లకిలోని వధువు పూవువలెఁ దేలిపోవును. హజారికా పాట యా వాహకుల భుజమునుండి పుట్టినది. అందుఁ జెమట కలదు. లోపలి ప్రభువు పట్టుబట్టలు మెఱయుచుండ మోయువాని కొడుకునకుఁ గట్టబట్ట లేదను వేదన కలదు. ఎత్తునెక్కునపుడు భుజము జాఱెనేని పల్లకి గతి యేమను బెదరింపు సయితము కలదు. లయమును మాత్ర మాతఁడు కల్పింపలేదు. అడుగులు గలుపుటకు బోయీలు వేయు కేకలనే తాళముగా గ్రహించెను. మొదటిది చూచినవారి పాట. రెండవది మోసినవారి పాట.

స్వదేశమునఁ గృషి

1953లో మరలి వచ్చి హజారికా గౌహతి విశ్వవిద్యాలయమున నధ్యాపకుఁడయ్యెను. కాని యుద్యోగమున నెక్కువకాలము నిలువక దానిని విడిచి కలకత్తా చేరెను. భారతప్రజానాట్యసంఘముతో నాతనికి గాఢమైన సంబంధ ముండెను. 1955లో గౌహతియం దాసంఘపు రాష్ట్రసమ్మేళనమున కాహ్వానసంఘ కార్యదర్శి యయ్యెను.

1960లో నస్సామున భాషావివాదము చెలరేఁగి యసమీయులకును వంగీయులకును నడుమ దొమ్ములు జరిగెను. అప్పుడు హజారికాయు, వంగభాషాగాయకుఁడు హేమాంగ బిశ్వాసును గాయకబృందమును గూర్చుకొని కలహపీడితప్రాంతములలోఁ దిరిగి, రెండుభాషలలోను శాంతిగీతములను బాడిరి. ఇరువురు సామాన్యులు, ఒకఁడు వంగీయుఁడు, ఒకఁ డసమీయుఁడు, తమ కష్టములు చెప్పుకొని యవి యొక్కటే యని గ్రహించు కథాగేయము వారి ప్రదర్శనములలో ముఖ్యమైనది. తన భాషకుఁ బ్రాణమిచ్చు గాయకుఁ డప్పుడు పొరుగుభాషకుఁ దోడునిలుచుట సులభము గాదు. హజారికా పాటలు పిదప వంగదేశమున నంతగా నాదరింపఁబడుటకుఁ గారణము లిచ్చట వెదకవలయును. 1971లో బంగ్లాదేశ మవతరించినపుడు దానిని స్వాగతించుచు నాతఁడు పాట పాడెను. మనుష్యుఁడు మనుష్యుని కొఱకే యను భావముగల యాతని గేయము వంగరూపమున, బి.బి.సి. వంగవిభాగము 2006లో శ్రోతల నడిగి సిద్ధపఱచిన యుత్తమగేయముల పట్టికలో రెండవస్థానము నొందెను.

చలనచిత్రములందును నీతని కృషి విశాలము. "ఏరా బాటర్ సుర్" (1956), "శకుంతల" (1961), "ప్రతిధ్వని" (1964), "లటిఘటి" (1966) మొదలగు చిత్రములకు దర్శకత్వము వహించెను. తేయాకుతోఁట యువతియు నాంగ్లేయుఁడగు తోఁటదొరయు నాయికానాయకులుగాఁ గల "చామేలీ మేమ్‌సాబ్" (1975) చిత్రమునకుఁ గూర్చిన సంగీతమునకు జాతీయబహుమానము వచ్చెను. "మణిరామ్ దేవాన్" అను నసమీయచిత్రమున నాతఁడు గట్టిన బాణీ యొకటి, కల్పనా లాజ్మీ దర్శకత్వమున వచ్చిన "రుదాలీ" (1993) హిందీచిత్రమున, గుల్జార్ రచించిన పదములతో మరల వినవచ్చెను. ఆ కథ రాజస్థానపు మరుభూమిలో శోకము కూలికి నమ్ముకొను స్త్రీలది. వానలదేశపు స్వరము మరుభూమి దుఃఖమున కొదుఁగుట వింత. శోకమునకు మండలభేదము లేదనుట కది సాక్ష్యము.

లోకము యొక్క వివేకము

హజారికా 1967 మొదలు 1972 వఱకు స్వతంత్రుఁడుగా నస్సాము శాసనసభయందు సభ్యుఁడై యుండెను. 1993లో నసమ సాహిత్యసభకు నధ్యక్షుఁడయ్యెను. 1998 మొదలు 2003 వఱకు సంగీతనాటకఅకాడమి కధ్యక్షత వహించెను. 2004లో భారతీయజనతాపక్షము తరఫున గౌహతినుండి లోకసభకుఁ బోటిచేసి యోడిపోయెను. యౌవనమున వామపక్షనాట్యసంఘముతో మెలఁగినవాఁ డట్లు చేయుట కాతని యభిమానులు కొందఱు నొచ్చుకొనిరి. ఈ యంశమును జరిత్రకారుఁడు దాఁచఁదగదు; దానికిఁ దగినంతకంటె నెక్కువ బరువు నీయనుఁ దగదు. అం దొక్క విషయము మాత్రము ప్రకృతోపయోగి: లోకము గాయకుని పాటను స్వీకరించెను, వోటు నీయలేదు, వోటు నీయకపోయినను బాటను విడువలేదు. లోకస్వీకారము వ్యక్తిభక్తి మాత్రమే యైనచో నీ రెండును గలిసి పోవలసియుండెను. జను లేది తమదో యేది వానిదో వేఱుపఱుపఁగలరని దీనివలనఁ దెలియుచున్నది.

ఆతనికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము (1992), పద్మభూషణము (2001) లభించెను. 2011 నవంబరు 5వ తేదీని బొంబాయిలో మరణించెను. నవంబరు 9న గౌహతి విశ్వవిద్యాలయ సమీపమున నంత్యక్రియలు జరిగినపుడు లక్షలకొలఁది జనులు గూడిరి. మరణానంతరము పద్మవిభూషణము (2012), భారతరత్నము (2019) నొసఁగఁబడెను. పౌరసత్వచట్టసవరణముపై నస్సామున నాందోళనము సాఁగుచున్న దినములలోఁ బ్రకటింపఁబడుటచే నీ కడపటి బిరుదముపైఁ గొంత వాదము చెలరేఁగెను. తుదకు 2019 ఆగస్టులో నాతని కుమారుఁడు దానిని స్వీకరించెను. జన్మస్థలమగు సదియాను ధోలాతోఁ గలుపుచు లోహితనదిపైఁ గట్టిన 9.15 కిలోమీటరుల సేతువు 2017 మే 26న దెఱవఁబడినది. దానికి హజారికా పేరు పెట్టఁబడినది.

సిద్ధాంతము

పూర్వపక్షము మూఁడు హేతువులపై నిలిచియున్నది: కర్త తెలియుట, కర్త విద్యావంతుఁడగుట, యంత్రముచే వ్యాపించుట. మొదటిది నిలువదు. తాళ్లపాక అన్నమాచార్యుని పేరు తామ్రపత్రములపైఁ జెక్కఁబడియున్నను, సువ్వి, గొబ్బి, జాజర మొదలగు నాతని దేశిరచనలు దేశిత్వమును గోలుపోలేదు. పదుమూఁడవ శతాబ్దిలోఁ బాల్కురికి సోమనాథుఁడు తుమ్మెదపదములను వెన్నెలపదములను బేర్కొనెను. వానికి మాత్రము తొలుత నెవ్వఁడో యొక కర్త యుండకపోవునా? కర్త లేకపోవుట జానపదత్వము గాదు. కర్తను మఱచిపోవుట కాలకృతము. రెండవదియు నిలువదు, విద్య పాటకు దోషము గాదు, పాటపై నహంకారము దోషము. మూఁడవదానికిఁ గొంత బలము కలదు. ధ్వనిముద్రణము పాఠమును బిగించును. బిగిసిన పాఠము నోటినుండి నోటికి మాఱుటకు జంకును. కాని నదీగేయమున నాలుగు పాఠములు గనఁబడినవి. అందు మూఁడు యంత్రయుగముననే పుట్టినవి. కావున నది ప్రతిబంధక మగును గాని నిషేధము గాదు.

జనులలోఁ బ్రచారమున నున్న రూపమునుండి పుట్టుట, జనుల సుఖదుఃఖములను విషయముగాఁ గొనుట, జనులచే స్వీకరింపఁబడి మార్పు నొందుట: ఈ మూఁడును గూడినచోట దేశిత్వము సిద్ధించును. నామాజ్ఞానము దానికి లక్షణము గాదు. ఇందువలనఁ గలుగు ప్రయోజన మొకటి కలదు. తెలుఁగునాట నేఁడు పల్లెల వినవచ్చు పాటలలోఁ బెక్కింటికిఁ గర్తలు జీవించియున్నారు, లేదా వారి నెఱిఁగినవారు జీవించియున్నారు. రికార్డుపాట యను నెపమునఁ ద్రోసివేసినచో నొక తరము గడిచిన పిదప నవియే కర్త తెలియని పాటలై సంకలనములలోఁ జేరును. అప్పుడు పుట్టుక వివరములకై వెదకికొనవలసివచ్చును. సంకలనకర్తలు పాటతోఁబాటు పాడినవాని పేరును, ఊరును, సంవత్సరమును, ఏ యంత్రమున విననయ్యెనో దానిని, వినఁబడిన పాఠభేదములను గూడ నిప్పుడే వ్రాసి యుంచుట కర్తవ్యము.